వరసలో చివర నిలబడండి

మా అత్తగారిని ఫెర్రీ ఎక్కనివ్వని మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ మా వదిన.

నాకు పెళ్ళైన కొత్తలో మా అత్తవారంతా దీవి చూస్తామని సరదాపడ్డారు. పడవ నడిపే సరంగు మా అన్నయ్య. రేవులో తనిఖీ షెడ్డు మా వదినది. ఇక మాకు ఎదురేముంది అనుకుంటూ నేను ముందు నడిచాను. వదిన మా అత్తగారి చేతిసంచీ తీసుకుని, తెల్లటి పళ్ళెంలో బోర్లించి, అడుగు కుట్టులోంచి పట్టకారుతో ఒక గడ్డిగింజ పైకి తీసింది. దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూసి, "దులుపుకుని మళ్ళీ వరసలో చివర నిలబడండి" అంది. కొత్త వియ్యపురాలితో! మా అత్తగారు కోపంతో దులుపుకుంటూ ఉండగానే పడవ నిండిపోయింది. అన్నయ్య పడవలోంచి మా వంక జాలిగా చూస్తూ కూత వేసి వెళ్ళిపోయాడు. "అన్న నడిపే పడవ, వదిన కాసే గేటు, అయినా మనం ఒడ్డునే" అని మా అత్తగారు ఇప్పటికీ నన్ను సాధిస్తుంది. ఆ అలకతో నేనూ మళ్ళీ ఎప్పుడూ ఆ దీవి ఊసెత్తలేదు.

రేవులో అందరూ వదినను దులుపులమ్మ అంటారు. ఆవిడ పనే అది. ఆ దీవి మీద నేల మీదే గూడు పెట్టుకునే తెల్లమెడ పక్షులు ఉంటాయి. అక్కడ ఎలుకలు లేవు, పిల్లులు లేవు, బయటి కలుపుమొక్కలు లేవు. ఒక్క ఎలుక దిగిందంటే గుడ్లన్నీ దాని పాలే. నాలుగు గింజలు పడ్డాయంటే గూళ్ళు పెట్టుకునే చోటంతా గడ్డి కమ్మేస్తుంది. అందుకని అక్కడికి వెళ్ళే ప్రతి మనిషీ ముందు వదిన షెడ్డులోంచి వెళ్ళాలి. బూట్ల అడుగు గాడుల్లోని మట్టి పిన్నీసుతో గీకాలి, మందు నీళ్ళ పళ్ళెంలో కాళ్ళు ముంచాలి, జేబులు తిరగదీయాలి, చర్రుమని ఊడే వెల్క్రో పట్టీలుంటే వాటి పళ్ళ మధ్య కూడా దువ్వాలి. ఒక పెద్దమనిషి తన జేబులో ఏమీ లేదని ప్రమాణం చేస్తే, "మీ మాట నమ్ముతానండీ, మీ జేబుని నమ్మను" అందట. ఆ జేబులో గుప్పెడు పక్షి గింజలున్నాయి. పాపం, అక్కడి పక్షులకు వేద్దామని తెచ్చుకున్నాడు.

ఎలుక సంగతి మాత్రం రేవులో ఎవరినడిగినా చెబుతారు. ఒకసారి ఒక కుటుంబం పెద్ద తిండి బుట్ట తెచ్చింది. పైన రొట్టెలూ పళ్ళూ. వదిన బుట్ట అడుగున వేసిన గుడ్డ ఎత్తింది. బుట్టను షెడ్డులో ఉంచి తలుపు మూసేసింది. లోపల ఎలుక, అదీ కడుపుతో ఉన్న ఎలుక. ఆవిడ చీపురూ బకెట్టూ పట్టుకుని ఒక్కతే దాని వెంట పడింది. బయట జనం బల్లలు పడిపోతున్న చప్పుడు విన్నారు. చివరికి బకెట్టు బోర్లించి, దాని మీద తనే కూర్చుని, "ఇప్పుడు తలుపు తియ్యండి" అందట. ఉడుంపట్టు అంటారే, అది మా వదినని చూసే పుట్టి ఉంటుంది.

ఇంత చేసిన మనిషి ఆ దీవిని ఎన్నడూ చూడలేదు.

కారణం చెబితే నవ్వుతారు, మేమూ నవ్వాం. సరంగు పెళ్ళానికి పడవ పడదు. పడవేమిటి, బస్సు మలుపు తిరిగితేనే ఆవిడ కడుపులో దేవుతుంది. పెళ్ళైన కొత్తలో అన్నయ్య ఉత్సాహపడి పడవ ఎక్కిస్తే, రేవు దాటకముందే ముఖం తెల్లగా పాలిపోయి, వెనక్కి తిప్పేదాకా కడ్డీ పట్టుకుని వేలాడిందట. "నన్ను కట్టుకుంది గానీ నా పడవని కట్టుకోలేదు" అని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. వదిన మూతి తిప్పి ఊరుకునేది.

అయితే దీవి గురించి వదినకు తెలియని విషయం లేదు. తిరిగి వచ్చేవాళ్ళు షెడ్డు ముందు ఆగి, చూసిందీ చూడనిదీ కలిపి చెప్పేవాళ్ళు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా! ఒకాయన పక్షి ఇంత ఎత్తుందని నడుం దాకా చూపించాడు. ఇంకొకావిడ అది తనతో మాట్లాడిందంది. వదిన అన్నీ వినేది. కొత్తగా వెళ్ళేవాళ్ళు అడిగితే దారి ఎక్కడ తిరుగుతుందో, చెక్కవంతెన ఎక్కడుందో గడగడా చెప్పేది. నాకైతే ఆవిడ అక్కడే పుట్టిందేమో అనిపించేది.

ఒకరోజు వరసలో ఉన్న ఒక ముసలావిడ అంతా విని, "అయితే నువ్వు చూసినప్పుడు గుడ్లు ఉన్నాయా అమ్మా?" అని మామూలుగా అడిగింది. వదిన చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "నేను చూడలేదండీ. వాళ్ళూ వీళ్ళూ చెప్పిందే" అంది. ముసలావిడ, "అయ్యో, అలాగా" అని బూటు తొడుక్కుని పడవ ఎక్కేసింది. ఆ 'అయ్యో' దగ్గరే వదిన ఆగిపోయింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఏదో పని ఉన్నట్టు వంటింట్లో నిలబడి, ఆ ఒక్క మాటా చెప్పి వెళ్ళింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత కొద్దిరోజులకే కబురు వచ్చింది. వచ్చే ఏడు నుంచి జనాన్ని దీవి మీదికి రానివ్వరు. పక్షులు బాగా పెరిగి, ఏకంగా జనం నడిచే దారి మీదే గూళ్ళు పెట్టడం మొదలెట్టాయట. నడిస్తే గుడ్లు తొక్కాల్సిందే. అందుకని ఈ ఏటి ఆఖరి పడవతో రాకపోకలు బందు. వదినకు టిక్కెట్ల గదిలో కుర్చీ వేస్తారట.

"చూశావా వదినా, నువ్వు అంత జాగ్రత్తగా కాపాడావు కనకే అవి పెరిగాయి. పెరిగాయి కనకే నీకు గేటు మూశాయి" అన్నాను, నవ్వించాలని.

ఆవిడ నవ్వలేదు. "మూసేలోపల వెళ్తాను" అంది.

"కడుపో?"

"కడుపు నాది. నేను చెప్పినట్టు వింటుంది."

కడుపు అంత తేలిగ్గా వినలేదు. ముందు మా పెరట్లో పిల్లల ఉయ్యాల ఎక్కింది. నేను ఊపాను. రెండు ఊపులకే దిగి గోడ పట్టుకుంది. మర్నాడు మళ్ళీ ఎక్కింది. మా పిల్లలు ఉయ్యాల మాదని గోలపెడితే, "వరసలో చివర నిలబడండి" అని వాళ్ళనే కసిరింది. ఉయ్యాల అలవాటయ్యాక, పని అయ్యాక రేవుకు కట్టేసి ఉన్న పడవలో కూర్చోవడం మొదలెట్టింది. ఊరికే కూర్చోవడమే. పడవ అటూ ఇటూ ఊగుతుంటే ఎదురుగా దూరాన కొండ గీత మీద చూపు నిలిపి, అల్లం ముక్క నములుతూ, ఒళ్ళో కూరగాయలు పెట్టుకుని తరిగేది. ఒకరోజు బకెట్టులో కూరగాయ ముక్కలకన్నా వేరేవే ఎక్కువ పడ్డాయని అన్నయ్య చెప్పాడు. "ఏమోయ్, ఎందుకీ తిప్పలు? ఫోటోలు తీసుకొస్తా కదా" అంటే, "ఏమండీ, అన్నం మీరు తిని నాకు ఫోటో చూపిస్తారా?" అందట. అన్నయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పైగా ఆ రోజు నుంచి తనే ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు రేవు లోపల, తర్వాత రేవు నోటి దాకా, నూనె మోసే చిన్న పడవలో తిప్పడం మొదలెట్టాడు. వెళ్ళిన ప్రతిసారీ వాంతి అయ్యేది. కానీ వాంతి అయ్యాక కూడా ఆవిడ కూర్చునే ఉండేది. "వాంతి ఆపుకోవడం నేర్చుకోలేదు చిట్టీ. అయినా కూర్చోవడం నేర్చుకున్నా" అంది నాతో. నలభై ఏళ్ళు వచ్చినా ఆవిడకు నేను చిట్టినే.

ఆఖరి పడవ రోజు నేనూ వెళ్ళాను. అలక సంగతి పక్కన పెట్టాను. ఆవిడ పక్కన ఒకరు ఉండాలి కదా.

నన్నేమన్నా చూసీచూడనట్టు వదిలిందా? నా బూట్లు విప్పించి నాలుకలు బయటికి లాగింది. నా జుట్టులో దువ్వెన పెట్టింది. నా శాలువా అంచు వెంట వేళ్ళు నడిపించింది. ఆవేళ జనం విరగబడి వచ్చారు. ఆఖరుసారి కదా! ఒక్కొక్కరినీ అలాగే దులిపి, ఆఖరి మనిషి ఎక్కాక, షెడ్డు ఊడ్చి, బ్రష్షులు కడిగి బోర్లించి, తాళం వేసి, ఆ నీలం కోటుతోనే పరుగున వచ్చి పడవ ఎక్కింది. అన్నయ్య కూత వేశాడు. రేవులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

దాటడం గురించి ఎక్కువ చెప్పను, ఆవిడ ఒప్పుకోదు. రెండుసార్లు కడ్డీ మీద వంగింది. రెండుసార్లూ నోరు తుడుచుకుని, మళ్ళీ తల ఎత్తి దూరాన ఉన్న గీత వంకే చూసింది. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు పడ్డాయి. నేను మాట్లాడబోతే, "మాట్లాడించకు" అంది. దీవి దగ్గరవుతుంటే ఆవిడ పట్టు సడలింది. ముందు ఒక పచ్చటి మూపు, తర్వాత దాని మీద తెల్లటి చుక్కలు. ఆ చుక్కలు పక్షులని నేను చెప్పబోయి ఊరుకున్నాను.

దీవి దగ్గర గట్టి రేవు లేదు. నీళ్ళ మీద తేలే చెక్కల రేవు ఉంది. దాని మీద రెండో తనిఖీ. అక్కడి కాపలాదారు పొడుగ్గా, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడతాడు. అందరూ కొంగ అంటారు, ఆయనా పలుకుతాడు. అన్నేళ్ళుగా ఇటు వదినా అటు కొంగా ఒకే పని చేస్తున్నా, ఒకరి మొహం ఒకరు చూడటం అదే మొదలు.

"దులుపులమ్మవా!" అన్నాడు చేతులు జోడించి. "నువ్వు పంపిన మనిషిని నేను దులిపితే చేతికి ఏమీ అంటదు. నాకు ఇక్కడ ఈగలు తోలుకునే పని."

వదిన మురిసిపోయింది. మురిసిపోతూనే, నియమం కదా, చేతులు చాచి నిలబడింది. కొంగ ఊరికే మాటవరసకు కోటు జేబు తిరగదీశాడు.

గింజలు. ఒకటి కాదు, రెండు కాదు. జేబు కుట్టు పొడవునా, కోటు చేతుల మడతల్లో, కాలర్ కింద, ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ బూట్లలోంచి, సంచుల్లోంచి ఆవిడ దులిపినవన్నీ ఆవిడ మీదే వాలి ఉన్నాయి. కోటు విప్పి పడవలో పడేస్తే లోపల ఉన్ని స్వెట్టరు నిండా అవే. మేజోళ్ళ నిండా అవే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అయింది. అందరినీ దులిపి, తాళం వేసి, పడవ ఎక్కిన మనిషిని దులపడానికి ఒడ్డున ఎవరూ మిగల్లేదన్న సంగతి ఆవిడకు గానీ, అన్నయ్యకు గానీ, నాకు గానీ తట్టలేదు.

కొంగ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వెళ్ళమ్మా. నేను చూడలేదనుకుంటాను."

"నువ్వు చూడలేదనుకుంటే గింజ మొలవడం మానేస్తుందా బాబూ?" అంది వదిన. ముఖం ఎర్రబడిపోయింది. సిగ్గుతో అనుకుంటాను. కానీ గొంతు షెడ్డులో గొంతే. "దులుపుకుని వరసలో చివర నిలబడతాను. ఆ బ్రష్షు ఇటివ్వు."

అందరూ లోపలికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. "నువ్వు పో చిట్టీ" అని కసిరింది. "పో. కానీ చూసొచ్చి నాకు చెప్పకు. ఒక్క ముక్క కూడా చెప్పకు. నేను చూస్తాను." నేను వెళ్ళకుండా ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాను. అన్నయ్య పడవలోంచి చూస్తున్నాడు. తాడు ముడి విప్పి మళ్ళీ వేస్తున్నాడు.

ఆ తేలే రేవు పడవకన్నా అధ్వానం. చిన్న అలకు కూడా చెక్కలు పైకి లేచి కింద పడతాయి. దూరాన గీత చూడటానికి లేదు, చూపంతా ఒళ్ళోని స్వెట్టరు మీద పెట్టాలి. పట్టకారుతో ఒక గింజ తీయడం, డబ్బాలో వేయడం, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చడం, మళ్ళీ ఒక గింజ. మధ్యలో లేచి అంచుకు వెళ్ళి వచ్చేది. వచ్చి, "ఎక్కడ ఆపాను?" అని అడిగేది, కుట్టు పని మధ్యలో లేచినట్టు. నేను మేజోళ్ళు తీసుకున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మా వదిన మీద నాకు ఉన్న పాత కోపమంతా ఆ మేజోళ్ళతో పాటు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, చివరి గింజ తీసేసరికి లేదు.

అప్పటికే జనం తిరిగి రావడం మొదలైంది. వాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి. ఒకాయన అలవాటుగా వదిన ముందు ఆగి, "అమ్మా, ఏం చెప్పమంటావు..." అని మొదలెట్టాడు. "చెప్పకండి!" అని అరిచాం, ఇద్దరం ఒక్కసారే.

"నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. కాస్సేపటికి పడవ ఇసుకలో కూరుకుపోతుంది" అన్నాడు అన్నయ్య. వదిన వైపు తిరిగి, "ఆ మలుపు దాకా వెళ్ళిరా. అప్పటిదాకా కూత వెయ్యను" అన్నాడు.

వదిన స్వెట్టరూ మేజోళ్ళూ తొడుక్కుని, బూట్లు మందు నీళ్ళలో ముంచి, కొంగ ముందు చేతులు చాచి నిలబడింది. ఆయన ఈసారి నిజంగా చూశాడు. ప్రతి కుట్టూ, ప్రతి మడతా చూశాడు. మా వదినను మా వదిన దులిపినట్టే దులిపాడు. "శుభ్రం" అన్నాడు. ఆ మాటకు ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నేనూ లేచి వెనకే అడుగు వేశాను. వదిన వెనక్కి తిరిగింది. నా ముఖం చూడలేదు, నా శాలువా చూసింది. అంతసేపూ ఆవిడ మేజోళ్ళలోంచి దులిపిన గింజలు నా ఒళ్ళోనూ, నా శాలువా కుచ్చుల్లోనూ చిక్కుకుని ఉన్నాయి.

"చిట్టీ..." అంది. మళ్ళీ అంది, "దులుపుకుని..."

"వరసలో చివర నిలబడతాను" అన్నాను. "తెలుసు. నువ్వు పో."

వరసలో నేను తప్ప ఎవరూ లేరు. మా అత్తగారి తర్వాత ఆ గౌరవం నాకే దక్కింది. కోపం రాలేదంటే అబద్ధం. ఒక్క క్షణం వచ్చింది. ఆ తర్వాత ఆవిడ అడుగులు చూస్తూ అదీ మర్చిపోయాను. నేల కదలదన్న నమ్మకం ఇంకా కుదరనట్టు, పాదం ఆనించి, ఆగి, మళ్ళీ పాదం వేస్తూ నడిచింది. మలుపు దగ్గర ఆగిపోయింది. నెమ్మదిగా గొంతుక్కూర్చుంది. అలాగే ఉండిపోయింది. పడవలో జనమంతా ఇటు వైపుకే చేరి చూస్తున్నారు. అన్నయ్య చెయ్యి కూత తాడు మీదే ఉంది, లాగలేదు. చివరికి ఆవిడే లేచి వచ్చేసింది.

పడవ కదిలింది. ఆవిడ కడ్డీ దగ్గరికి వెళ్ళలేదు, నా పక్కన కూర్చుంది. దూరాన గీత వంక కూడా చూడలేదు. దీవి చిన్నదైపోతోంది. ఇక దాన్ని నేను చూడను, ఆ మాట నాకు అప్పుడే గట్టిగా తగిలింది.

"చెప్పు వదినా, ఎలా ఉంది?" అన్నాను.

"దారి పక్కనే కూర్చుని ఉంది చిట్టీ. గుడ్డు మీద. పెద్దదేం కాదు, నా రెండు చేతుల్లో పడుతుంది. నేను అంత దగ్గరికి వెళ్ళినా లేవలేదు. తల ఇటు తిప్పి చూసింది, మళ్ళీ అటు తిప్పుకుని కళ్ళు మూసుకుంది." ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. పట్టకారు పట్టి పట్టి వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. "నన్ను చూసి భయపడలేదు. దానికి భయమంటే ఏంటో తెలీదు. ఇంతవరకూ దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు."

ఒడ్డు చేరేదాకా చెబుతూనే ఉంది. వాంతి సంగతి ఆవిడకు గుర్తు లేదు, నేను గుర్తు చెయ్యలేదు.

ఇప్పుడు వదిన టిక్కెట్ల గదిలో అవతలి ఊరికి వెళ్ళే పడవకు టిక్కెట్లు ఇస్తోంది. దీవికి ఎవరూ వెళ్ళరు. మా అత్తగారు మాత్రం, "ఆ దీవిలో ఏముందో చూడకుండానే పోతాను" అని నిట్టూరుస్తూనే ఉంటుంది. నిన్న చెప్పాను, అక్కడి పక్షి మనిషిని చూసి భయపడదత్తయ్యా, గుడ్డు మీంచి లేవను కూడా లేవదు అని.

"ఎవరు చెప్పారే? వాళ్ళూ వీళ్ళూ చెప్పిందేనా?" అంది.

"కాదత్తయ్యా" అన్నాను. "చూసినావిడే చెప్పింది."